ఎద్దు నడక

కారంపూడి సంతలో ఎడ్లకు నాడాలు కొట్టే ముసలి సాయిబు పక్కన, మద్రాసు చిత్రకళాశాల పరీక్షకు వెళ్లబోతున్న కుర్రవాడొకడు ఎద్దు బొమ్మలు గీసిన కాగితాల కట్ట పట్టుకుని కూర్చున్నాడు.

"సాయిబు తాతా, ఈ కట్టలో కాగితాలు బొటనవేలితో ఒకటెనక ఒకటి గబగబా వదులుతా. బొమ్మెద్దు నడుస్తది, చూడు."

"ఓరి నీ! నిజంగానే నడుస్తందిరా, గుడారం సినిమాలో మాదిరి!"

"అట్టా కదిలే బొమ్మలు చేసే పనే నేర్చుకుందామని. పరీక్షలో వంక పెట్టకుండా ఏం చెయ్యాలో చెప్పు. ఎద్దు కాళ్ల సంగతి నీకంటే ఎవరికి తెలుసు?"

"ఇంకోసారి తిప్పు... ఏందిరా, నీ ఎద్దు కుంటుతంది!"

"కుంటుతందా?"

"ఎనక ఎడం కాలు చూడు. ఆనీ ఆనకముందే ఎత్తేస్తంది. పని రానోడు నాడా కొడితే, మేకు మాంసంలోకి దిగి ఎద్దు అట్టా ఎత్తుద్ది. ఒరేయ్, బొమ్మ గీసేటోడు ముందు పశువు ఎనకాల నాలుగు రోజులు నడవాల. ఏ కాలు ఎప్పుడు లేస్తదో చూసి, అప్పుడు పెన్సిలు పట్టాల. ఇంట్లో కూచుని ఊహించుకుంటే ఇట్టనే ఉంటది."

"నడిచా తాతా. నాలుగు రోజులు మా ఎర్రెద్దు ఎనకాలే నడిచి, చూసింది చూసినట్టు గీశా."

"ఎర్రెద్దా? దానికి నాడాలు కొట్టిందెవరు?"

"నువ్వే. పోయిన సంతలో."

సాయిబు కాసేపు తన సుత్తి వంక చూశాడు.

"నీకు సీటు ఖాయంరా. రైలెక్కకముందు ఆ ఎద్దును ఇటు తోలుకురా. అప్పటిదాకా ఈ కాగితాలు సంతలో ఎవరికీ చూపించమాక."