మోస్టిన్ దిగని కుర్చీ

దక్షిణ వేల్స్ లోయలో ఒకదానికొకటి అతుక్కున్న ఇళ్ళ వరసలో ఒక ముందుగది. గురువారం మధ్యాహ్నం, బయట వాన. గదిలో ఒల్వెన్, ఆమె కొడుకు గెథిన్‌ని పోయిన నెలే పెళ్ళాడిన కోడలు కారిస్. కిటికీ పక్కన, చనిపోయిన ఐవర్ కుర్చీలో, ఆయన కుక్క మోస్టిన్.

"...అంతే అమ్మాయ్, ఇంక మాట్లాడేదేం లేదు. శనివారం మా మరిది వైన్ వ్యాను తీసుకొస్తున్నాడు. వీణ్ణి ఎక్కించుకుపోతాడు."

"చిన్నమావయ్యా? ఆ కొండమీద దొడ్లోకా? పన్నెండేళ్ళ ముసలివాణ్ణి?"

"దొడ్డి కాదు, ఫారం."

"కప్పు కారే ఫారం."

"గొర్రెలు ఉండట్లేదూ?"

"గొర్రెలకి ఉన్ని ఉంది అత్తయ్యా. వీడికి కీళ్ళనొప్పులున్నాయి."

"నాకూ ఉన్నాయి. నన్నెవరూ ఒళ్ళో పెట్టుకుని నిమరట్లేదు."

"ఇంతకీ వీడేం చేశాడని?"

"ఏం చేశాడా? మీ మావయ్య పోయిన దగ్గర్నించీ ఆ కుర్చీ దిగడు. దగ్గరికెళ్తే గుర్రుమంటాడు. మొన్న మీటరు చూడ్డానికొచ్చిన పిల్లాడు అటు పక్కనుంచి దాటాడంతే, ప్యాంటు పట్టుకున్నాడు."

"కరిచాడా?"

"ప్యాంటే. లోపలి మనిషి బాగానే ఉన్నాడు. సరే, విను. నేనేం రాక్షసిని కాదు. ఆదివారానికల్లా ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి. దిగితే ఇక్కడే ఉంటాడు. దిగకపోతే శనివారం వ్యానెక్కుతాడు."

"ఆదివారం ఏముంది?"

"ఏముండాలి? చాపెల్ ఉంది."

"ఎవరొస్తున్నారు?"

"బాయిలర్ చూడ్డానికి వస్తారు."

"ఆదివారమా?"

"వాడికి తీరికుండొద్దూ, పాపం!"

"బాయిలర్ వంటింట్లో ఉంది కదా అత్తయ్యా. ముందుగదిలో కుర్చీ ఎందుకు?"

"పని చేసి అలిసిపోయి కూర్చోడా? నువ్వు కుక్కల టీచరువా, పోలీసువా?"

"వంటింట్లో ఎండుద్రాక్షల రొట్టె వాసనొస్తోంది."

"నాకోసం చేసుకున్నాను."

"మంచి కప్పులు కూడా కడిగి పెట్టారు."

"దుమ్ము పట్టాయి."

"రెండే పెట్టారు."

"రెండింటికే పట్టింది దుమ్ము."

"పోయిన ఆదివారం చాపెల్ మెట్లమీద, కోరస్‌లో వెనక వరసలో పాడే ఎమ్లిన్ గారు మీ గొడుగు పట్టుకుని..."

"గొడుగు ఆయనదే."

"మరి దాని కింద మీరెందుకున్నారు?"

"వాన పడుతోంది గనక! ఈ ఊళ్ళో వాన పడితే కూడా నీకు సంజాయిషీ ఇవ్వాలా? చెప్పు, వీణ్ణి దింపగలవా, దింపలేవా? పెద్ద చదువు చదివావుగా. చాపెల్ పక్కన ఆ వెస్ట్రీ గదిలో కుక్కలకి బడి కూడా పెట్టావు."

"దింపుతాను. కానీ లాగను. అరవను."

"ఆహా. మరి అర్జీ పెట్టుకుంటావా?"

"వాడంతట వాడే దిగాలని అనుకునేలా చేస్తాను."

"మా కాలంలో పేపరు చుట్టి ముక్కుమీద ఒక్కటిస్తే వాళ్ళంతట వాళ్ళే అనుకునేవారు. మీ మావయ్య అలాగే చేసేవాడు."

"ఆ పేపరు రుచి చూసినవాడే కదా, ఇప్పుడు మనిషి చెయ్యి మీదికొస్తే పళ్ళు చూపిస్తున్నాడు?"

"చచ్చిపోయినాయన్ని అనకు."

"అనట్లేదు. ఆయన పెంపకం గురించి కుక్క ఏమంటోందో చెప్తున్నానంతే."

"సరే, మీ బళ్ళో ఎవరెవరున్నారో చెప్పు. నవ్వుకుంటాను కాసేపు."

"ఒక పిల్ల లాబ్రడార్ ఉంది అత్తయ్యా, ఎంత ముద్దొస్తుందో! నీళ్ళగిన్నెలో తల పెట్టి అలాగే నిద్రపోతుంది. గొర్రెలు కాసే జాతిది, ఒక కుర్ర కోలీ ఉంది, సైకిళ్ళని మందలా తోలుకొస్తుంది. ఇంకో ముసలి స్పానియల్, పేరు పెనీ. బొత్తిగా చెవుడు. చేత్తో సైగ చేస్తే కూర్చోవడం నేర్చుకుంది. నేర్చుకున్న రోజు దాని యజమాని ఏడ్చేశాడు."

"ఎందుకేడవడం? ఆ వయసులో దానికి పెన్షన్ ఇవ్వాలి గానీ చదువు చెప్తారా?"

"ఏ వయసువాళ్ళైనా నేర్చుకుంటారు. ముసలివాళ్ళయితే మరీ శ్రద్ధగా."

"నాకేసి చూస్తూ అనకు ఆ మాట."

"సరే, మోస్టిన్ సంగతి చూద్దాం. గుర్రుమంటే మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను? ఏమీ చెయ్యను."

"ఏమీ చెయ్యరా?"

"పట్టించుకోను. టీ తాగుతూ ఉంటాను."

"అప్పుడు చేతిలో ఏముంటుంది?"

"టీయే."

"ఇంకో చేతిలో?"

"...బిస్కెట్."

"ఆ బిస్కెట్ మీరే తింటారా?"

"ఓ ముక్క విరిచి వాడికేస్తాను. నోరు మూసుకుంటాడని. అదీ తప్పేనా?"

"రోజూనా?"

"రోజూ ఏం కాదు. టీ తాగినప్పుడు."

"మీరు టీ తాగని రోజేదైనా ఉందా?"

"సొంతింట్లో టీ కూడా తాగకూడదా!"

"తాగండి. కానీ వాడివైపు నుంచి చూడండి ఒకసారి. కుర్చీలో కూర్చున్నాడు. గుర్రుమన్నాడు. బిస్కెట్ వచ్చింది. మళ్ళీ గుర్రుమన్నాడు. మళ్ళీ వచ్చింది."

"అంటే? యజమాని పోయిన బెంగతో కాదంటావా? వీధంతా అనుకుంటున్నారే, ఐవర్ కోసం ఎంత బెంగపెట్టుకున్నాడో అని. పాస్టర్ గారు ప్రార్థనలో కూడా చెప్పారు వీడి గురించి!"

"బెంగ ఉండే ఉంటుంది. బిస్కెట్లు కూడా ఉన్నాయి."

"అంటే ఈ కుక్కే నన్ను ట్రైన్ చేసిందంటావు."

"చక్కగా చేసింది. కాకపోతే వాడిది పాతకాలపు పద్ధతి. బెదిరించి నేర్పించాడు. మా క్లాసులో అలా ఒప్పుకోం."

"ఛీ! మోస్టిన్! సిగ్గులేదూ? చూడు, ఎలా చూస్తున్నాడో. కోర్టులో జడ్జీలాగా."

"ఇదిగో, ఈ పాత దుప్పటి ముక్క నేలమీద పరుస్తున్నాను. ఉడికించిన చికెన్ తెచ్చాను. కాస్త చిదిపి దానిమీద వేస్తాను. అంతే."

"అంతేనా? దిగు అనవా?"

"అనను. మీరు కూడా అనకండి. ఇలా వచ్చి నా పక్కన కూర్చోండి. వాడివైపు చూడకండి."

"నా ఇంట్లో నేను గోడకేసి చూస్తూ కూర్చోవాలి, కుక్క కోడిమాంసం తింటుందా లేదా అని. ఐవర్ ఉంటే ఈ పాటికి నవ్వి నవ్వి దగ్గొచ్చేది."

"ఏవైనా కబుర్లు చెప్పుకుందాం. మనకి తొందరేం లేదని వాడికి తెలియాలి. అత్తయ్యా, ఇవాళ పొద్దున గెథిన్ నా టోస్ట్ మీద వెన్న ఎలా రాశాడో తెలుసా? అంచులదాకా! నాలుగు మూలలా, అంచులదాకా!"

"కొత్తలో అంచులదాకానే రాస్తారు. తర్వాత మధ్యలో ఓ ముద్ద పెడతారు. ఆ తర్వాత కత్తి ఏ సొరుగులో ఉందో చూపిస్తారు."

"మావయ్య ఎలా రాసేవారు?"

"టోస్ట్ మాడ్చేవాడు. పెళ్ళైన మర్నాడు మాడ్చాడు, ఆఖరి వారం కూడా మాడ్చాడు. మాడినవన్నీ తనే తినేసి బాగున్నవి నాకు పెట్టేవాడు. నాకు మాడినవే ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదు ఆయనకి."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మురిసిపోయేవాడు... ఒక కాలు దించాడు."

"చూడొద్దన్నాను కదా!"

"చూడలేదు. వినిపించింది."

"కాలు దించితే వినిపిస్తుందా?"

"కుర్చీ మూలుగుతుంది. దాని మూలుగు నాకు తెలుసు. రెండో కాలు కూడా. అమ్మాయ్! దిగాడు! దిగాడే!"

"ష్ష్. భేష్ మోస్టిన్. భేష్ రా నాన్నా. ఇంకో ముక్క. తిను, తిను."

"ఇంత సులువా? ఇన్నాళ్ళూ నేను ఆ సోఫా చివర ముడుచుకుని కూర్చున్నానే, ఈ కాస్త కోడిముక్క చాలా?"

"ఈ ఒక్కసారికి చాలింది. రేపూ ఎల్లుండీ వస్తాను, మళ్ళీ మళ్ళీ చేద్దాం. గుర్రుమంటే బిస్కెట్ రాదు, దుప్పటిమీద పడుకుంటే వస్తుంది. అలవాటైపోతే ఆదివారం మీ బాయిలర్ గారు హాయిగా కూర్చోవచ్చు."

"ఎమ్లిన్ అని పేరుంది ఆయనకి."

"ఆహా, ఉందా?"

"ఆ నవ్వే వద్దు."

"చిన్నమావయ్యకి ఫోన్ చేసి రావద్దని చెప్పేద్దామా మరి? దిగితే ఉంచుకుంటానన్నారు."

"ఉండు. దిగితే చాలా? ఎవరైనా కూర్చుంటే ఊరుకుంటాడో లేదో."

"నిజమే. కూర్చోండి, చూద్దాం."

"నేనా? నాకు మోకాళ్ళ నొప్పులు. అది మరీ లోతు కుర్చీ. నువ్వు కూర్చో."

"మీరు కూర్చుంటేనే కదా వాడికి..."

"నువ్వే కూర్చో అంటున్నాగా. టీచరువి."

"సరే. చూడండి, మెల్లగా వెళ్తాను. మోస్టిన్, నేనే రా. వాడు తలే ఎత్తలేదు, చూశారా? ఇదిగో, ఇలా..."

"లే!"

"అయ్యో, ఇంకా సరిగ్గా కూర్చోనే..."

"లే అన్నానా! లే అక్కణ్ణించి!"

"లేచాను. లేచాను అత్తయ్యా."

"కుర్చీ చెయ్యి వదులుగా ఉంది. విరుగుతుందని."

"విరగలేదు."

"వాడు మీదపడతాడని."

"వాడు చికెన్ నముల్తున్నాడు. అసలు ఇటు చూడనే లేదు. గుర్రుమన్నది వాడు కాదు."

"మరెవరు? నేనా? నేను గుర్రుమన్నానా? ఓహో, చివరికి నన్ను కూడా మీ బళ్ళో చేర్చేశావన్నమాట. నా మెళ్ళో పట్టీ ఎక్కడ?"

"మా క్లాసులో ఎవరు గుర్రుమన్నా తిట్టం అత్తయ్యా. ఏమైందో కనుక్కుంటాం."

"ఏమీ కాలేదు."

"ఎమ్లిన్ గారు ఇదివరకెప్పుడైనా వస్తానన్నారా?"

"అన్నాడు."

"మీరేమన్నారు?"

"కుక్క కరుస్తుందన్నాను."

"మళ్ళీ అడిగితే?"

"మళ్ళీ కరుస్తుందన్నాను. నిజమేగా! ఆ ప్యాంటు..."

"మరి ఈసారి?"

"ఈసారి ఆయన, 'పోనీ ఒల్వెన్, కుక్క మీ మరిదింట్లో ఉన్న రోజు చూసి వస్తాను' అన్నాడు. అంత మర్యాదగా అడిగితే ఏం చెప్పను? సరే అన్నాను. నోరు జారింది. ఇంటికొచ్చి వైన్‌కి ఫోన్ చేశాను."

"శనివారం మోస్టిన్ వెళ్ళిపోతాడు. ఆదివారం ఎమ్లిన్ గారు వచ్చి ఆ కుర్చీ దగ్గర నిలబడతారు. అప్పుడు ఎవరు కరుస్తారని చెప్తారు?"

"నీకు మర్యాద బొత్తిగా లేదు. గెథిన్‌కి ముందే చెప్పాను, కుక్కల దగ్గర పనిచేసే పిల్లకి మొహమాటం ఉండదని."

"నిజమే. లేదు."

"...వాడు ఎక్కలేదు."

"ఏమిటి?"

"ఆ కుర్చీ. మోస్టిన్ తనంతట తను ఎక్కలేదు. ఖననం అయ్యాక అందరూ శాండ్‌విచ్‌లు తినేసి వెళ్ళిపోయారు. నువ్వింకా ఈ ఇంటికి రాలేదు. ఈ గదిలోకొస్తే ఆ కుర్చీ ఖాళీగా. ఎటు తిరిగినా అదే. వీడు తలుపు దగ్గర పడుకుని ఉన్నాడు. నేనే ఎత్తి కూర్చోబెట్టాను. దిగిపోయాడు. మళ్ళీ కూర్చోబెట్టాను. ఉండరా అని బిస్కెట్ ఇచ్చాను."

"అంటే మీరే నేర్పారు."

"మీ పద్ధతే కదా. లాగలేదు, అరవలేదు."

"అవును అత్తయ్యా. చాలా బాగా నేర్పారు."

"వెటకారం వద్దు."

"వెటకారం కాదు. ఒట్టు."

"ఎవరో ఒకళ్ళు అందులో ఉండాలి, తెలిసిందా? ఐవర్ కాకపోతే ఐవర్ కుక్క. కానీ ఇంకో మనిషి అక్కడ కూర్చుని, కాళ్ళు బార్లా చాపుకుని, నా రొట్టె తింటూ వాతావరణం గురించి మాట్లాడితే... ఇప్పుడు నువ్వు కూర్చుంటేనే చూడలేకపోయాను. ఇంత సన్నటిదానివి. ఎమ్లిన్ అయితే లావుపాటి మనిషి."

"రావద్దని చెప్తారా ఆయనకి?"

"ఎందుకు చెప్తాను? రొట్టె చేశానుగా."

"మరి?"

"మరీ లేదు గిరీ లేదు. వీణ్ణి చూడు. దుప్పటిమీద వెల్లకిలా పడుకున్నాడు, పొట్ట చూపిస్తూ. ఎన్నాళ్ళైందో వీడు ఇలా పడుకుని. నడుం వాల్చనిచ్చానా నేను, వెధవ కాపలా ఉద్యోగం ఇచ్చి? లే, ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

"ఎవరికి? ఎమ్లిన్ గారికా?"

"ఇవ్వమన్నాగా. ...హలో, వైన్? నేనే, ఒల్వెన్ని. ఆ, ఇక్కడా వానే. శనివారం వ్యాను గురించి... లేదు లేదు, రా. తప్పకుండా రా. తాళ్ళు కూడా తెచ్చుకో... కుక్కకి తాళ్ళెందుకోయ్? కుక్క ఇక్కడే ఉంటుంది. నువ్వు వచ్చి మీ అన్న కుర్చీ తీసుకెళ్ళు."