ఒడ్డు చేరేలోపు

నెమ్మదిగా నడపమని మీ తమ్ముడు సిమిగాకి నాలుగుసార్లు చెప్పాను. వింటేనా. అల కనిపిస్తే చాలు, దాని మీదికే ఎక్కిస్తున్నాడు పడవని. "వదినా, అన్నయ్యకిప్పుడు కుదుపులు తెలుస్తాయా" అని ఒక్క మాటన్నాడు. అనేసి మొహం అటు తిప్పుకున్నాడు. ఏడుస్తున్నాడో, ఉప్పునీళ్ళు కళ్ళలో పడ్డాయో. నేను అడగలేదు.

నీకు తెలియకపోతే పోనీ, నాకు తెలుస్తున్నాయి కదా. నీ మీద కప్పిన టార్పాలిన్ అంచుని కాలికింద తొక్కిపెట్టి కూర్చున్నాను. తాళ్ళు సిమిగా గట్టిగానే కట్టాడు. అయినా కాలు తియ్యబుద్ధి కావట్లేదు.

మూడేళ్ళు, జోయావీ. మూడేళ్ళపాటు నువ్వు నీళ్ళలో ఉన్నావనుకున్నాం.

మరేమనుకోవాలి? వసంతం చివర, మంచు పలచబడే రోజుల్లో సీలు వేటకని వెళ్ళావు. ఫ్యోర్డు చివర, సముద్రం కొండల్లోకి దూరి ఆగిపోయే చోట, నీ మంచుబండి దొరికింది. ముక్కు మంచు పగులులోకి దిగబడి, తోక పైకి లేచి ఉంది. అదే రోజు తుఫాను. అడుగుజాడ ఒక్కటి మిగిలితే ఒట్టు. బండి నీళ్ళలో ఉంటే మనిషీ నీళ్ళలోనే ఉంటాడు కదా. ఊరంతా పడవలేసుకుని వచ్చారు. కొక్కేలు వేసి లాగారు. మన ఊరు పాంగ్నిర్టుంగ్‌లో మగవాడన్నవాడు ఇంట్లో లేడు ఆ వారం. కొండదారి కూడా చూద్దామని ఎవరైనా అన్నారా? అనలేదు. నేనూ అనలేదు.

మీ అమ్మ అప్పట్నుంచీ నీళ్ళవైపు కిటికీకి దుప్పటి కట్టేసింది. ఆ ఇల్లు పగలు కూడా చీకటే. నేనేమో ఈ ఫ్యోర్డులో పట్టిన చేప ముట్టలేదు. అందరూ పచ్చిది కోసుకుని నేలమీద కూర్చుని తింటుంటే నేను దుకాణంలో కొన్న కోడికాళ్ళు ఉడకబెట్టుకునేదాన్ని. "గీలాకి తెల్లవాళ్ళ నోరొచ్చింది" అని వెక్కిరించేవాళ్ళు. ఏం చెప్పను వాళ్ళకి? ఆ చేప ఏం తిని పెరిగిందో నాకు తెలీదని చెప్పనా?

మీ అక్క మళ్ళీ కంది, నీకా సంగతి తెలీదు. మగపిల్లాడు. నీ పేరే పెట్టారు. పేరొస్తే మనిషీ వచ్చినట్టే కదా మనవాళ్ళకి. మీ అమ్మ వాణ్ణి "నా కొడుకు" అంటుంది, మీ అక్క "తమ్ముడూ" అని పిలిచి పాలిస్తుంది. అందరూ వాణ్ణెత్తుకొచ్చి నా ఒళ్ళో పడేసి, "ఇదుగో, మీ ఆయనొచ్చాడు, అన్నం పెట్టు" అని నవ్వేవాళ్ళు. ప్రేమతోనే లే. నేను వాణ్ణి ముద్దుచేసేదాన్ని గానీ ఆ పిలుపు మాత్రం నోటికి రాలేదు. పిలిస్తే నువ్వు పోయావని ఒప్పుకున్నట్టే కదా.

ఇదిగో, ఈ అల పెద్దది. పట్టుకున్నాన్లే.

నీ పని నాకిచ్చారు. ఆ సంగతీ చెప్పాలి. మనుషుల్ని కొండల్లోకి నడిపించుకెళ్ళే పని. దక్షిణాది నుంచి కంపెనీవాడు ఫోను చేసి, "జోయావీ దారి మీకు తెలుసు కదా" అన్నాడు. తెలుసన్నాను. నీ వెనక ఎన్ని వేసవులు సామాను మోసుకుంటూ నడవలేదు నేను? ఎక్కడ ఏరు దాటాలో, ఎక్కడ ఇసుక కాలిని మింగుతుందో, నువ్వు చెప్పినవన్నీ నేనిప్పుడు నా మాటల్లాగా చెబుతాను. తడిస్తే ఆగొద్దు, నడవండి, ఆపదగది చేరండి, అందులో పొయ్యి ఉంటుంది, రేడియో ఉంటుంది. నీ మాటే. గొంతు కూడా నీలాగే పెట్టి చెబుతానట, సిమిగా అంటాడు.

ఈసారి వచ్చినవాళ్ళు నలుగురు. గోర్డన్ అని ఒక పళ్ళ డాక్టరు, ఆయన భార్య, ఆవిడ చెల్లెలు, ఇంకా కొరీన్ అని ఒక పెద్దావిడ, ఒంటరిగా వచ్చింది. గోర్డన్ నోరు మూతపడదు. ఆయన దగ్గర పళ్ళు పీకించుకునేవాళ్ళ మీద జాలేసింది నాకు. మంచివాడేలే. సిమిగా మమ్మల్ని ఫ్యోర్డు చివర దించేసి వెళ్ళాడు. రాత్రికి ఒడ్డునే గుడారాలేసుకుని, మర్నాడు నడక మొదలుపెట్టాం. సగం పూట నడిచాక ఏరు అడ్డొచ్చింది. ఈ ఏడు ఎండలు నువ్వు చూడలేదు. మంచుకొండలన్నీ కారిపోతున్నాయి. మామూలుగా మోకాలి లోతుండే చోట నడుము దాటింది. "మీరిక్కడే కూర్చుని టీ కాచుకోండి, నేను పైకి వెళ్ళి పాయలు విడిపోయే చోటు చూసొస్తాను" అన్నాను.

ఆ పెద్ద బండ పక్కన ఎప్పుడూ ఒక మంచుదిబ్బ ఉండేది, గుర్తుందా? కొండనీడలో ఏ వేసవికీ కరగనిది. నువ్వు దాని మీద పిల్లల్లాగా జారేవాడివి, నీళ్ళసీసా చల్లబెట్టుకునేవాడివి. ఈ ఏడు అది కరిగింది.

ముందు చేతితొడుగు చూశాను. సీలు తోలు, అంచుకి నేను వేసిన నల్లటి కుట్టు. ఎవరో పారేసుకున్నారనుకున్నాను. ఆ కుట్టు నాదని కళ్ళకి తెలుస్తూనే ఉంది, బుర్ర మాత్రం ఎవరిదో అంటోంది.

గాలికి వీపు పెట్టి కూర్చున్నావు. ఒక బూటు విప్పి ఉంది. అందులో నీళ్ళు వంచేద్దామని విప్పినట్టున్నావు. రెండోది విప్పలేదు.

అంటే బయటికొచ్చావు. ఆ పగులులోంచి ఎలాగో పైకి పాకావు. తడిబట్టల్తో, ఆ తుఫానులో, సగం పూట దారి నడిచావు. నువ్వు అందరికీ చెప్పినట్టే చేశావు, ఆగలేదు, గది వైపే వచ్చావు. అక్కడ నిలబడితే గది కప్పు కనిపిస్తుంది, తెలుసా? ఎర్రగా, ఏటి అవతల. ఆ రోజు నీకు నీ చెయ్యే కనిపించి ఉండదు.

మేము నీళ్ళలో కొక్కేలు వేస్తున్నాం అప్పుడు.

నా కోటు విప్పి నీ మీద కప్పాను. అంచుల మీద రాళ్ళు పెట్టాను, నక్కలు లాగకుండా. ఏడ్చానా అంటే ఏడవలేదు. ఎవరో లోపలంతా ఊడ్చేసినట్టుంది. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు గానీ కింద నుంచి గోర్డన్ ఈలలు వేస్తున్నాడు, ఎలుగుబంటి ఎత్తుకుపోయిందనుకున్నాడట నన్ను.

దిగి వచ్చాను. కొరీన్ నన్ను చూసి, "నీ కోటేది?" అంది.

"ఏట్లో కొట్టుకుపోయింది."

నా ఒంటి మీద చొక్కా పొడిగా ఉంది. ఆవిడ చూసింది. తన సంచిలోంచి మందపాటి ఉన్ని స్వెట్టరు తీసి నా తలమీంచి తొడిగింది, పసిపిల్లకి తొడిగినట్టు.

వాళ్ళని కింది వైపు తీసుకెళ్ళి, ఏరు వెడల్పుగా పరుచుకున్న చోట ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని దాటాం. ఆ సాయంత్రం ఆపదగది పక్కనే గుడారాలు. నేను రొట్టె కాలుస్తున్నాను. గోర్డన్ అడిగాడు, "గీలా, మీ ఆయన కూడా గైడేనటగా? ఇప్పుడెక్కడున్నాడు?"

నేనేమన్నానో చెప్పనా? "ఇక్కడే, ఈ కొండల్లోనే ఉన్నాడు" అన్నాను.

"అదృష్టవంతుడు" అన్నాడాయన.

రొట్టె మాడలేదు. నాకే ఆశ్చర్యం.

వెనక్కి తిప్పొచ్చు కదా అంటావు. తిప్పొచ్చు. సముద్రం సగం పూట దూరమే. ఒంట్లో బాగోలేదంటే చాలు, పాపం ఒక్కరూ మాట అనేవాళ్ళు కాదు. కానీ మర్నాడు పొద్దున లేచి, గుడారాలు మడిచి, వాళ్ళని పైకే నడిపించాను. సరస్సు దాకా. గోడల్లాంటి ఆ కొండల కింద నిలబెట్టి ఫొటోలు తీశాను. డాక్టరు మరదలు సరస్సులో మునిగి కెవ్వున అరిస్తే నవ్వాను. నిజంగానే నవ్వాను జోయావీ, కడుపు పట్టుకుని. ఆకలేసింది. ఒళ్ళెరగకుండా నిద్రపోయాను. మూడేళ్ళలో అట్లా నిద్రపోలేదు.

తిరిగొచ్చేటప్పుడు అదే ఏరు దాటాం. కొరీన్ నా పక్కనే నడుస్తోంది. ఉన్నట్టుండి ఆగి, పైన బండ వైపు చూసింది. "అక్కడ పచ్చగా ఏదో..." అంటూ నా వైపు తిరిగింది. నా కోటు రంగు ఆవిడకి గుర్తుంది.

"మీ ఆయనేనా?" అంది మెల్లగా.

తలూపాను.

"వీళ్ళకి నేను టీ పెడతాను. నువ్వు వెళ్ళి రా. తొందరేం లేదు."

అలా వచ్చాను రెండోసారి నీ దగ్గరికి. అప్పుడు ఏడ్చాను. నువ్వు విన్నావో లేదో.

ఊళ్ళో దిగాక ముందు మీ తమ్ముడికి చెప్పాను. వాడే వెళ్ళి మీ అమ్మకి చెప్పాడు. ఆవిడ లేచి కిటికీకున్న దుప్పటి విప్పి మడతపెట్టిందట.

అదిగో, మన వెనక పోలీసాయన పడవ. పైన బండ దగ్గర, నిన్ను ఎత్తేముందు, నన్ను పక్కకి పిలిచి అడిగాడు. కుర్రాడు, మర్యాదగానే అడిగాడు. "చూసిన రోజే ఎందుకు చెప్పలేదండీ? కంపెనీవాళ్ళు శాటిలైట్ ఫోను ఇస్తారు కదా?"

పని చెయ్యలేదని చెప్పాను.

పనిచేసింది. నిన్ను చూసిన రోజు జేబులోంచి తీశాను కూడా. మీ తమ్ముడి నంబరు నొక్కాను. మోగకముందే ఆపేశాను.

ఎందుకంటే... ఎట్లా చెప్పను. నువ్వు నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ నీమీద అందరికీ హక్కే. పాదిరి గారు ప్రార్థన చేశారు. మీ అమ్మ తన దుఃఖమే పెద్దదంది. నీ పేరు పసివాడికి పోయింది, నీ తుపాకీ సిమిగాకి పోయింది, నీ దారి కంపెనీకి పోయింది. నాకేం మిగిలింది? అక్కడ, ఆ బండ పక్కన, నువ్వెక్కడున్నావో ప్రపంచంలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. చాలా కాలానికి నాకు మొగుడున్నాడు. చెబితే ఆ క్షణమే పోతావు.

అందుకే చెప్పలేదు. నిన్ను ఆ చలిలో వదిలేసి, పైన సరస్సు దగ్గర నవ్వుకుంటూ తిరిగాను. ఇంకో వారం దొరికితే ఇంకో వారం తిరిగేదాన్ని. తప్పంటావా? అను. అనేవాడు ఉంటే బాగుండును.

ఊరు కనిపిస్తోంది. ఒడ్డంతా జనం. రాళ్ళ మీద కూడా నిలబడ్డారు. పాదిరి గారి తెల్లటి అంగీ ఇక్కడికే కనిపిస్తోంది.

"సిమిగా, ఒక్కసారి ఇంజను ఆపరా" అన్నాను. ఆపాడు. ఎందుకని అడగలేదు, పాపం.

నీళ్ళే మెల్లగా అటు తోసుకుపోతున్నాయి మనల్ని. ఆపినా చేరతాంలే.