మూడు టక్కుల పావడ

ఏందిమే లోహితా, టైలర్ శాంతయ్య కతా? మీయమ్మ సెప్పిందా? సరే, ఆ కుర్చీ ఇట్లా లాక్కో. మీ అవ్వ ముప్పై మూడేండ్లు నర్సు పని చేసిందంటే ఆయన చలవే. చంద్రగిరి బజార్లో చిల్లరంగడి అరుగు మింద మిషను పెట్టుకోని కుట్టేవాడు. పొట్టి మనిసి. నోట్లో గుండుసూదులు పెట్టుకోనే మాట్లాడేవాడు, సగం అర్థమయ్యేది, సగం మనమే ఏసుకోవాల. పెండ్లాం గ్రేసమ్మ కాజాలు కుట్టేది. ఆయమ్మ పెట్టే టీ ఉండాదే... యాడున్నా? ఆఁ, శాంతయ్య చలవ. అయిదో తరగతి కాంగానే మా నాయన నన్ను బడి మానిపించి మేకలెంట తోలినాడు. రోజూ ఆ అరుగు ముందరే పోయేదాన్ని. శాంతయ్య టేపు పెట్టలే, అడగలే, కండ్లతోనే కొల్త తీసేసినాడు. బడి తెరిసే ముందర రోజు నీలం పావడ, తెల్ల రవిక తెచ్చి మా నాయన సేతిలో పెట్టినాడు. "నేను కుట్టమన్లేదే" అంటాడు మా నాయన. "కుట్టేసినానే చిన్నబ్బా, ఇంకే బిడ్డకీ ఇది పట్టదు." కొత్తగుడ్డ పారేయాలంటే మా నాయనకు పానం పోయినట్టే. "సరే, ఒక్క ఏడాది పో" అన్నాడు.

ఆ పావడకు శాంతయ్య మూడు టక్కులు ఏసి పెట్టినాడు, బిడ్డ పెరిగేకొద్దీ ఒక్కో మడత ఇప్పుకునేదానికి. ఏడాది తిరిగేసరికి మా నాయన "ఇంక సాలు" అనేవాడు. శాంతయ్య ఇంటికొచ్చి ఒక టక్కు ఇప్పి సూపించేవాడు. "సూడప్పా, కొత్తగుడ్డ ఇంకా లోపలే ఉండాది. ఇప్పుడు మానిపిస్తే ఇదంతా దండగ గదా?" నవ్వుతావేం! అట్లా మూడేండ్లు నెట్టుకొచ్చినాడు. ఇప్పిన కాడ గుడ్డ ఎలిసిపోకుండా ముదురు నీలంగా గీత పడేది. నా కూడా సదివే ఆడబిడ్డలు ఎగతాళి చేసేవాళ్లు. నాకు మాత్రం భలే గొప్పగా ఉండేది.

తొమ్మిదో తరగతి అయినాక, ఆ ఎండాకాలమే శాంతయ్య సచ్చిపోయినాడు. టక్కులూ అయిపోయినాయి, పావడ పిక్కల మిందికి ఎక్కింది. ఇంక నా పదో తరగతి గోవిందా అనుకోని ఏడుస్తానే మేకలు తోలుకోని పోయేదాన్ని. బడి తెరిసిన రోజు మా నాయన కేకేసినాడు. "ఏమే మునిలచ్చిమీ, ఇంకా ఈడే ఉండావు? బడికి పోవా?" అని పావడ నా మింద ఇసిరినాడు. "శాంతయ్య లోపల ఇంకో టక్కు ఏసిపెట్టినాడంట. గ్రేసమ్మ ఇప్పి ఇచ్చింది" అన్నాడు. నీలం పావడ ఇప్పితే ఎర్రగుడ్డ యాడ్నించి వస్తాది పాపా? అంచు సుట్టూ జానెడు ఎర్రగుడ్డ. అది మా నాయన తలగుడ్డ, నాకు తెలీదా? ఆ పావడే కట్టుకోని బడికి పోయినా. ఆపొద్దు మేకల్ని ఆయనే తోలుకోని పోయినాడు. ఆ ఎండలో, ఉత్త తలతో...

ఆ ఫ్యాను కొంచెం పెంచు మే.