గేటు కాడి సిగ్నల్

నా పేరు గుగులోత్ కమ్లీ. భర్త పేరు దేవ్యా. వయసు ముప్పై రెండు ఉంటుంది, అది మా అమ్మ చెప్పిన లెక్క. కూలి పని చేస్తాను. గార్ల దగ్గర రైలు గేటుకు అవతల ఉన్న తండాలో ఉంటాను. చదువు రాదు. ఇంట్లో మా లంబాడీ మాట మాట్లాడతాము, తెలుగు కూడా వచ్చు. నేను చెప్పింది చెప్పినట్టే రాయమని పోలీస్ స్టేషన్ రైటర్ గారిని ముందే అడిగాను.

నా భర్త దుబాయికి కట్టడం పనికి పోయాడు. కొన్నాళ్లకు కంపెనీవాడు జీతం ఆపేశాడు. పాసుపోర్టు తన దగ్గరే పెట్టుకున్నాడు. నా భర్త క్యాంపు విడిచి బయటపడి, దొరికిన పని దొంగచాటుగా చేసుకుంటున్నాడు. అలాంటివాళ్లను అక్కడ ఖల్లివెల్లి అంటారు. దొరికితే జైలు. పంపిన ఏజెంటు ఆయన నెంబరు కోసం రెండుసార్లు మా తండాకు వచ్చాడు. ఈ సంగతి బయట చెప్పకూడదని అనుకున్నాము. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు.

పోయిన ఎండాకాలం మానుకోటలో యాదగిరన్న సెల్లు దుకాణానికి పోయి, దుబాయికి తక్కువలో మాట్లాడే సిమ్ము కావాలన్నాను. ఆయన మూడు సిమ్ములు బల్ల మీద పెట్టాడు. ఒకటి ఇక్కడ మాట్లాడుకోవడానికి చవక, దేశం దాటితే మాత్రం గుంజేస్తుంది. ఇంకోదానికి వేరే కూపను వేయించుకుంటే గల్ఫు రేటు సగమవుతుంది, కానీ మాట్లాడినా మాట్లాడకపోయినా నెల కాగానే ఆ కూపను దండుగ. మూడోదానికి రేటు నడుమ రకం, మా గేటు దగ్గర సిగ్నల్ బాగా వస్తుందన్నాడు. నేను ఎటూ తేల్చుకోలేకపోయాను.

"దినాం ఎంతసేపు మాట్లాడ్తవ్ చెల్లె?" అని అడిగాడు.

"మనిషి మంచిగున్నడని తెలిస్తే సాలన్నా" అన్నాను.

"గంత దానికి మాట్లాడుడెందుకు? మిస్‌కాల్ కొట్టుకోండ్రి. ఎత్తకుంటె పైస కట్ గాదు" అన్నాడు.

ఆ మాట మీద మూడో సిమ్ము తీసుకున్నాను. బయటి దేశానికి రింగు పోవాలంటే ఒక నిమిషానికి సరిపడా బాలెన్స్ ఉండాలన్నాడు. అది ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పటికీ అందులోనే ఉంది.

ఆ సిమ్ము నుంచి రింగు ఇచ్చి కట్ చేస్తే నా భర్త తిరిగి చేశాడు, అప్పుడు ఒక్కసారే మాట్లాడుకున్నాము. అంతా ఆయనే చెప్పాడు. సాయంత్రం ఒక రింగు ఇచ్చి కట్ చేస్తే ఆయన బాగున్నట్టు. నేను తిరిగి ఒక రింగు ఇస్తే మేము బాగున్నట్టు. ఆగకుండా మోగితేనే ఎత్తాలి. ఎవరైనా మగవాడు ఎత్తితే ఏజెంటుకు దొరికిపోయామనుకొని సిమ్ము విరగ్గొట్టి, ఉన్న చోటు వదిలి పోతానన్నాడు.

తండాలో సిగ్నల్ అందదు. అందుకే రోజూ కూలి నుంచి వచ్చి గేటు దగ్గర నిలబడతాను.

సకల జనుల సమ్మెలో రైల్ రోకో చేసిన రోజు నేనూ పట్టాల మీద కూర్చున్నాను. తెలంగాణ రావాలనే కూర్చున్నాను, కాదనను. రాయి మాత్రం ముట్టుకోలేదు. సాయంత్రం అందరూ లేచిపోయినా నేను గేటు దగ్గరే ఉన్నాను. ఫోను ఒకసారి మోగి ఆగింది. నేను తిరిగి ఒక రింగు ఇచ్చాను. అప్పుడే ఆ పక్కన గూడ్సు బండి మీద ఎవరో రాళ్లు వేశారు. కానిస్టేబులు వచ్చి నాకక్కడ ఏం పనని అడిగాడు.

"సిగ్నల్ కోసం నిలవడ్డ సారూ" అన్నాను.

సెల్లుకు అందేదాన్ని యాదగిరన్న సిగ్నల్ అన్నాడు, నేనూ అదే అన్నాను. సారు రైలు సిగ్నల్ అనుకున్నాడు. బండి రాక చూసి రాళ్లు వేసేవాళ్లకు మిస్‌కాల్‌తో కబురు చేశానని రాసుకొని, నన్నూ ఫోనునూ ఇక్కడికి తెచ్చారు. రోజూ ఒకే నెంబరుకు ఎత్తని కాల్స్ ఉన్నాయని ఇంకా గట్టిగా నమ్మారు. మిస్‌కాల్ కొట్టుకునేవాళ్లు దొంగలైతే మా తండా అంతా దొంగలే.

మర్నాడు సాయంత్రం నేను ఈ స్టేషన్‌లోనే ఉన్నాను. ఫోను బల్ల మీద ఉంది. ఒక రింగు వచ్చి ఆగింది. ఒక్క రింగు తిరిగి ఇయ్యనీయమని కాళ్లు పట్టుకున్నాను. ఇయ్యనీయలేదు. నా రింగు అందకపోయేసరికి ఆయన మళ్లీ చేశాడు. ఈసారి ఆగకుండా మోగింది. నేను ఎత్తవలసిన ఫోను అది. కానిస్టేబులు ఎత్తాడు.

"హలో, పోలీస్ స్టేషన్. ఎవడ్రా నువ్వు?"

అటునుంచి కట్ అయింది. వీళ్లు తిరిగి చేస్తే స్విచాఫ్ వచ్చింది. అప్పటినుంచి స్విచాఫే. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఇప్పుడు ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు. నేను ఏమయ్యానో ఆయనకు తెలియదు.

ఆయనకు నోటికి గుర్తున్న నెంబరు ఇదొక్కటే. కొత్త సిమ్ము కొంటే దీనికే కొడతాడు. కేసు తేలేదాకా ఫోను మీ దగ్గరే ఉంచుకుంటే చార్జింగు పెట్టి ఉంచండి. ఒక రింగు వచ్చి ఆగితే ఒక రింగు తిరిగి ఇచ్చి కట్ చేయండి. ఆగకుండా మోగితే నన్ను పిలవండి. మీరు ఎత్తవద్దు. ఈ మాట నేను మూడుసార్లు చెప్పాను, రైటర్ గారు ఒకసారే రాశారు. మళ్లీ రాయమన్నాను. మీరు ఎత్తవద్దు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. సిగ్నల్ అని ఉన్నచోట సెల్లు సిగ్నల్ అని చదువుకోవాలి. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, చెప్పింది నిజం. చదువు రానందున వేలిముద్ర వేస్తున్నాను.

గుగులోత్ కమ్లీ, ఎడమ చేతి బొటనవేలి నిశాని.