ముంపు లోయ

సువార్తకు రేపు గురుకుల కొలువు కోసం డెమో క్లాసు. ఎల్లుండి వాగులోకి రిజర్వాయరు నీళ్లు. వాగు ఒడ్డునున్న తల్లి నాగులమ్మ సమాధిని వేరే చోటికి మార్చడానికి ఆఫీసులో ఇవ్వాల్సిన కాగితం మీద తండ్రి ఇస్రాయేలు వేలిముద్ర పడి నెలైంది. సువార్త సంతకమే పడలేదు. తండ్రినే పిల్లాడిలా కూర్చోబెట్టి భూగోళం పాఠం చెప్పి చూసుకుంటోంది గానీ, మనసంతా వాగు దగ్గరే ఉంది.

“...ఫియర్డ్‌ను మంచు తవ్వింది నాయినా. మంచంటే తెల్లారగట్ల పడే మంచు కాదు, గుట్టంత గడ్డ. జరుగుకుంట జరుగుకుంట లోయను గోడల్లెక్క నిట్టనిలువుగ చెక్కింది. గడ్డ కరిగినంక సముద్రం లోపటికొచ్చింది.”

“మల్ల రెండోది? ఎవరో పిల్ల పేరు చెప్తివి.”

“రియా. పిల్ల కాదు. దాన్ని మంచు తవ్వలే, ఏరు కోసింది. తర్వాత సముద్రం లేచి ఆ మునిగిన లోయ... ఏం చెప్తున్న?”

“మునిగిన లోయ. దర్వాజ దిక్కు సూడకు, నా దిక్కు సూసి చెప్పు.”

“గా కాయితం యాడ పెట్టిన్నో...”

“ఏ కాయితం?”

“నోట్సు కాయితం.”

“చేతులనే ఉన్నది. ముంపు లోయ అను బిడ్డా. మన పిల్లలకు ముంపంటే జల్ది సమజైతది.”

“అనను. ఆ మాట అనను.”

“సరే, అనకు. ఆ సముద్రం ఎండకాలం దిగుతదా?”

“దిగదు. వేల ఏండ్ల సంది గట్లనే ఉన్నది.”

“మన నీళ్లో?”

“అంచులకు దిగుతయి. నడిమిట్ల దిగయి.”

“మరి వాగొడ్డు అంచా, నడిమా?”

“జర నీళ్లు తాగొస్త.”

“పాఠం చెప్పేదానివి. అడిగితే చెప్పాలె గద.”

“నడిమే. నడిమే నాయినా. సంతకం పెడ్త, ఇప్పుడే పోదాం పా. అమ్మను తవ్వుతుంటే చూడలేక ఇన్నొద్దులు పెట్టలే. ఆమె గట్ల ఒట్టి బొక్కల గూడయి... నాతోని గాదనుకున్న.”

“కూసో.”

“ఐదింటికి ఆఫీసు మూస్తరు.”

“కూసో బిడ్డా. నువ్వు చూడగూడదనే, మొన్న నువ్వు నల్గొండ పోయిన పొద్దు పాస్టరును పిలుసుకొని, ఆ కాయితం కోసం ఆగకుండ, మీ అమ్మను నా చేతులతోని తీసి కొత్త జాగల పండవెట్టిన.”