వెనక సీటు

పీఠభూమి దాటి ఏటి లోయలోకి దిగే ఘాట్ రోడ్డు. రెండు సీట్ల సైకిల్ మీద ముందు బావ, వెనక పుట్టుకతోనే చూపులేని మరదలు. ఆమె అక్క, అంటే అతని భార్య, నిరుడు ఈ రోడ్డు మీదే పోయింది. అప్పుడూ ఇదే సైకిల్. ఆ చోటికి తీసుకెళ్లమని మరదలే పట్టుబట్టి బయల్దేరదీసింది.

"ఇప్పుడేం కనిపిస్తోంది బావా?"

"ఇందాకటిదే. గడ్డి. దాని పక్కన ఇంకాస్త గడ్డి. అదిగో, గొర్రెల మంద."

"మందా? ఒక్కటీ అరవదేం?"

"నువ్వొస్తున్నావని భయపడి నోరు మూసుకున్నాయి."

"చాల్లే. బుగ్గలు తడిసిపోతున్నాయి నాకు. మంచు దిగింది కదూ? గొర్రెల మాట దేవుడెరుగు, నీ ముందు చక్రమైనా కనపడుతోందా?"

"కొంచెం దిగింది."

"కొంచెమే అయితే ఇంత మెల్లగా పోతున్నావేం?"

"వెనక కూర్చుని పెత్తనం చెయ్యడం మీ అక్కాచెల్లెళ్లకి పుట్టుకతోనే వచ్చింది. గుంత!"

"అమ్మో! పడ్డాక చెప్తావేంటి? నా నడుం! అక్కయితే గుంత రాకముందే అరిచేది. సీటు మీంచి లేచేదాన్ని."

"మీ అక్క ఎప్పుడు ముందు కూర్చుంది? పెళ్లయినప్పట్నుంచీ ముందు నేనే."

"నీతో ఎక్కితే. నువ్వు ఊళ్లో లేనప్పుడు మేమిద్దరం ఎక్కేవాళ్లం."

"ఈ సైకిలా?"

"ఇదే. చెరువు కట్ట మీద, పాత రైలు దారి మీద... తెలీదా నీకు?"

"తెలీదు."

"చెప్పలేదన్నమాట."

"అన్నీ చెప్పేది నాకు. అన్నీ... సరే, దిగుడు మొదలైంది. తొక్కకు, కాళ్లు ఊరికే ఉంచు."

"ఏరు వినపడుతోంది. మొన్న ఏటి పక్కనే తొక్కుకుంటూ వచ్చాం చూడు, అప్పుడు ఇలా లేదు. అప్పుడు కబుర్లు చెప్తున్నట్టుంది. ఇప్పుడు నూతిలోంచి మూలుగుతున్నట్టుంది."

"అప్పుడు దాని పక్కనున్నాం. ఇప్పుడు దాని నెత్తి మీదున్నాం."

"మలుపు వచ్చిందా?"

"ఇంకా చాలా ఉంది."

"ఎలా ఉంటుందది? మాటల్లో చెప్పు."

"గుర్రపు నాడా చూశావుగా... అదే, పట్టుకుని చూశావుగా. అలా ఉంటుంది. కొండని కోసినట్టు లోపలికో చీలిక. రోడ్డు దాని అంచు పట్టుకుని లోపలికెళ్లి, చుట్టు తిరిగి అవతలకొస్తుంది. ఇటు నుంచి అటు అగ్గిపెట్టె విసిరితే అందుకోవచ్చు. మధ్యలో మాత్రం ఏమీ లేదు. ఎక్కడో అడుగున ఏరు."

"గోడ కట్టలేదా?"

"గోడా లేదు, రాయీ లేదు."

"అక్కడే కదా బ్రేకు పట్టక జారింది?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్? జారింది. సైకిల్ ఒరిగింది. నేను కొండవైపు పడ్డాను. తను లోయవైపు."

"నువ్విటు, తనటు."

"ఊఁ."

"బావా, నీళ్ల చప్పుడు ఇందాక ఎడమ పక్కనే ఉండేది. ఇప్పుడు ఎదురుగా కూడా ఉంది."

"లోయలో చప్పుడు అలాగే తిరుగుతుంది. బుర్ర పాడుచేసుకోకు."

"ఆపు."

"మళ్లీ ఏమైంది?"

"పిక్క పట్టేసింది. ఆపు బావా, ఆపు! హమ్మయ్య... ఉండు, పెడల్ నుంచి బూటు విడిపించుకోనీ. టక్కుమంది, విన్నావా?"

"విన్నా. దిగు. టీ తాగుతావా? ఫ్లాస్కులో ఇంకా ఉంది."

"వద్దు. ఈ బూటు పెడల్‌కి ఎంత గట్టిగా పట్టుకుంటుందో! మడమ తిప్పి లాగితే గానీ రాదు. మరి సైకిల్ ఒరిగితే దాని మీదున్న ఇద్దరూ ఒకే పక్కకి కదా పడాలి?"

"అంటే?"

"ఏం లేదు. అడుగుతున్నా."

"పడేటప్పుడు ఊడొచ్చుంటుంది. ఆ గాభరాలో ఎవరు చూశారు?"

"సైకిల్ మాత్రం గాభరా పడలేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమి చూశాను. ఒక్క గీత లేదు."

"రంగు వేయించాను."

"అక్క సీటు కింద అంటించిన స్టిక్కరు అలాగే ఉందే. దాన్ని వదిలేసి చుట్టూ వేశాడా?"

"చలేస్తోంది. ఎక్కు, పోదాం."

"పోదాం. ఒక్కటి చెప్పు, పోదాం. ఆఖరికి ఏమంది అక్క? బతికున్నంత కాలం దాచుకుంటాను."

"ఏమంటుంది... నవ్వింది."

"నవ్వి?"

"ఇక చాలా, అంది."

"ఏంటి చాలు?"

"హఁ?"

"సైకిల్ మీంచి పడిపోతున్న మనిషి నవ్వుతూ ఇక చాలా అని అడుగుతుందా? ఏంటి చాలు బావా?"

"ఫోటో."

"ఏ ఫోటో?"

"ఫోటో తియ్యమంది! సరేనా? ఆగాం. దిగాం. తను లోయవైపు నిలబడింది. కొంచెం వెనక్కి జరుగు, లోయంతా రావాలి అన్నాను. జరిగింది. ఇంకొంచెం అన్నాను. ఇక చాలా, అంది."

"నువ్వేమన్నావ్?"

"మంచు పట్టేసింది ఆ రోజు..."

"ఆ రోజు ఎండ మాడ్చేసిందని నువ్వే అందరికీ చెప్పావ్. నువ్వేమన్నావ్ బావా?"

"ఇంకొక్క అడుగు, అన్నాను."

"అప్పుడు అంచు కనపడిందా నీకు?"

"కనపడింది."

"ఎందుకు?"

"ఎందుకా? ఆ పొద్దున చెప్పింది కాబట్టి. టెంటు మడతపెడుతూ, ఎవరికో ఉప్పు అందించినంత తేలిగ్గా చెప్పింది. ఇంటికెళ్లాక పెట్టె సర్దుకుంటుందట. నీ దగ్గరికొచ్చేస్తుందట. ఇకనుంచి చెల్లి వెనక, నేను ముందు, అంది. ఈ హ్యాండిల్ పట్టుకుని మరీ చెప్పింది. ఎండలో, వానలో, ఎన్ని కొండలు ఎక్కించాను దాన్ని! ఎంత బరువు లాగాను! వింటున్నావా?"

"వింటున్నా."

"గట్టిగా చెప్పు, సరిగ్గా వినపడట్లేదు."

"వింటున్నా బావా. చెప్పు."

"నేను తోయలేదు. ఒట్టు. ఒంటి మీద చెయ్యి కూడా వెయ్యలేదు. ఆగు అంటే ఆగేది. అనలేదు. అంతే. అనకపోవడం నేరమా? నువ్వే చెప్పు. ఊరంతా వచ్చి నా భుజం తట్టి ఓదార్చింది. మీ అమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. నిజంగానే ఏడ్చాను నేను కూడా. నిజంగానే."

"తెలుసు. నీ పక్కనే ఉన్నాను."

"ఇదంతా ఎవరికైనా చెప్పావా?"

"ఏదంతా?"

"అదే. బూట్లు, గీతలు, స్టిక్కరు."

"లేదు. గుడ్డిది చేత్తో తడిమి కనిపెట్టిందంటే ఎవరు నమ్ముతారు?"

"మనిద్దరం ఇటొస్తున్నట్టు?"

"అదీ చెప్పలేదు."

"మంచి పని చేశావ్ మరదలా. ఏదీ, చెయ్యి ఇలా ఇవ్వు. నడిపిస్తాను. ఇటు... ఏయ్. ఇక్కడ సైకిల్ ఒక్కటే ఉందేంటి? ఎక్కడున్నావ్?"

"ఇక్కడే."

"ఇక్కడంటే? నా చెయ్యి నాకే కనపడట్లేదు. నువ్వు నడిచిన చప్పుడైనా లేదే!"

"బూట్లు విప్పేశాను. వాటి కింద ఇనుప బిళ్లలు టకటకలాడతాయి కదా."

"పిచ్చి వేషాలు వెయ్యకు. దారి తెలీదు నీకు."

"దారి తెలీదు. కొండ తెలుస్తోంది. దాని మీద అరచెయ్యి ఆనించి నడిస్తే అదే చుట్టు తిప్పి తీసుకొస్తుంది."

"నీ గొంతేంటి, ఏటి మీంచి వస్తున్నట్టుంది?"

"మంచులో అంతే బావా. నాకు ఎప్పుడూ ఇంతే. నీకే కొత్త."

"కదలకు. అక్కడే ఉండు. నేనే వస్తున్నా."

"జాగ్రత్త. రోడ్డు ఎలా ఉందో ఏమో."

"నాకు చెప్తావా రోడ్డు గురించి? ఇక్కడంతా తిన్నగానే ఉంటుంది. మలుపు ఇంకా దూరం."

"అయితే తిన్నగా వచ్చెయ్ బావా. నేను మాట్లాడుతూనే ఉంటాను."