తొమ్మిది గుర్రాల డబ్బా

మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారు. తళతళ విషయంలో ఆ గడప టీ కొట్టుది. గిన్నెలకు మెరుగు పెట్టే కొట్లో పని కాబట్టి అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ సాయంత్రం కూడా బల్ల మధ్యన చతికిలబడి, మోచేతి కింద ఒక డబ్బా పెట్టుకుని కోతలు మొదలెట్టాడు. బల్ల చివర అతని తమ్ముడు టీ ముట్టకుండా కూర్చున్నాడు. అతను కోతలు వినడానికి రాలేదు, నాన్న డబ్బా కోసం వచ్చాడు.

ఆ డబ్బాలో తొమ్మిది కంచు బిళ్ళలు. రోమన్ల కాలం నాటివి. నాణేలు కావు, వాటితో ఏమీ కొనలేరు. ఒక్కోదాని మీద ఒక్కో పందెపు గుర్రం, దాని నెత్తిన గెలుపుకు గుర్తుగా ఖర్జూరపు మట్ట, పక్కన దాని పేరు. వాచీలు బాగుచేసుకుంటూ వాటిని పోగెయ్యడానికి నాన్నకు నలభై ఏళ్ళు పట్టింది. చూపు పోయాక బొటనవేలితో తడిమి, "ఇది మెడ వంచింది, ఇది కుంటిది" అని ఠక్కున చెప్పేవాడు. ఆదివారం పెద్దకొడుకు తళతళ ఎవరికో చూపిస్తానని డబ్బా పట్టుకుపోయాడు. అప్పట్నుంచి ముసలాయన భోజనం దగ్గర కూర్చుని కంచం అంచు మీద బొటనవేలు తిప్పుతున్నాడు. తమ్ముడికి అది చూస్తే ముద్ద దిగడం లేదు.

"మొదటి బిళ్ళ ఎవరు కనిపెట్టారనుకున్నారు? నేనే! పాత ఇత్తడి గుట్టలో చెయ్యి పెడితే వేలికి తగిలింది," అన్నాడు తళతళ.

ఆ బిళ్ళ కోసం నాన్న మూడు నెలలు ఒకడి ఇంటి చుట్టూ తిరగడం తమ్ముడికి తెలుసు.

"మట్టి పట్టి ఉంటే చొక్కా అంచుతో తుడిచా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రం కన్ను తెరిచింది!"

"బిళ్ళ మీదా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న తాపీ మేస్త్రి.

"కాదు, మీ డాబా మీద! విను. దానికి చెమట పట్టింది, నా అరచెయ్యి తడిసిపోయింది, ఇంతలో సకిలించింది చూడు, వీధిలో స్కూటర్లు వాటంతటవే స్టార్టయ్యాయి. ఆ సకిలింపు విని మిగతా ఎనిమిదీ డబ్బాలోంచి తన్నడం మొదలెట్టాయి. పాపమని మూత తీశా. తీస్తే ఏముంది, తొమ్మిదీ రోడ్డెక్కాయి, లారీల్ని దాటాయి, ట్రాఫిక్ పోలీసు చెయ్యడ్డం పెడితే ఆ చేతి మీంచే దూకాయి, నేను వెనకాల పరిగెత్తి కుంటిదాన్ని పట్టుకుని ఎక్కేశా."

"అంత చిన్న బిళ్ళ మీది గుర్రాన్ని ఎలా ఎక్కావయ్యా?" టీ కొట్టాయన అడిగాడు.

"ఊపిరి బిగబట్టి! డెక్క తడవకుండా సముద్రం దాటి ఆ రోమన్ల పందెం మైదానంలోనే దిగా. రెండు లక్షల మంది లేచి నిలబడ్డారు. సాక్షాత్తు వాళ్ళ చక్రవర్తి దిగొచ్చి, 'తళతళ గారూ, మీ చెయ్యి పడ్డాకే మా గుర్రాలకు కళ వచ్చింది' అన్నాడు."

"వాళ్ళ భాష నీకెలా అర్థమైంది?" అన్నాడు మేస్త్రి.

"గుర్రం చెప్పింది."

అందరూ పగలబడి నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. చెయ్యి పడ్డాకే కళ వచ్చిందన్న మాట దగ్గర అతను అన్నయ్య చేతులకేసి చూశాడు. అన్నయ్య గోళ్ళలో మెరుగు మైనం పచ్చగా ఉంది. చెంచా దొరికినా దాన్ని మెరుగు చక్రానికి పెట్టకుండా ఉండలేని మనిషి.

"డబ్బా ఇయ్యి అన్నయ్యా."

"ఉండరా, అసలు కథ ఇప్పుడే..."

తమ్ముడు అతని మోచేతి కింది నుంచి డబ్బా లాక్కుని మూత తీశాడు. తొమ్మిదీ కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. గుర్రం లేదు, మట్ట లేదు, పేరు లేదు. ఏది తీసి చూసినా తన మొహమే కనిపించింది.

"నల్లగా ఉన్నాయిరా. నలుగురికీ చూపిస్తే నవ్వుతారని చక్రం మీద రెండు తిప్పులు తిప్పా," అన్నాడు తళతళ, గొంతు తగ్గించి. "నాన్నకి చెప్పకు. చూపు లేదుగా, ఆయనకేం తెలుస్తుంది?"

"చూపు లేదు కాబట్టే తెలుస్తుంది."

మేస్త్రి తల దించుకుని గ్లాసులోకి చూశాడు. తమ్ముడికి అన్నయ్య చెంప పగలగొట్టాలనిపించింది. డబ్బా మూసి అతని ఒళ్ళో పెట్టాడు.

"వేలు పెట్టగానే నాన్న, గుర్రం ఏదిరా అంటాడు. సముద్రం దాటొచ్చావుగా, మనిల్లు రెండు వీధుల అవతల. లే, నువ్వే వచ్చి చెప్పు."

తళతళ లేవలేదు. తమ్ముడే అతని ఒళ్ళోంచి డబ్బా తీసుకుని బయల్దేరాడు. తమ్ముడికి కథలు చెప్పడం రాదు.